పేరు అదే, చలరాశి వేరు: పాత సి++ ప్రోగ్రాములను కొత్త కంపైలరుకు మార్చడం



ఇరవై ఏళ్ల కిందట రాసిన ఒక సి++ ప్రోగ్రాము మీ చేతికి వచ్చిందనుకుందాం. అది మీ అక్కయ్య ప్రాక్టికల్ రికార్డులోది కావచ్చు, కాలేజీ ఆఫీసులో మార్కుల జాబితా తయారుచేసేది కావచ్చు. ఆ రోజుల్లో అది చక్కగా పనిచేసింది. దానిలో ఒక్క అక్షరం కూడా మార్చకుండా నేటి కంపైలరుకు ఇస్తే తెర నిండా దోష సందేశాలు వస్తాయి. ప్రోగ్రాము మారలేదు. మరి మారిందేమిటి? దాన్ని చదివే కంపైలరు మారింది. ఆ కంపైలరు పాటించే నియమాలు మారాయి.

అలా మారిన నియమాల్లో ముఖ్యమైనది చలరాశుల పరిధికి సంబంధించినది. ఆ నియమం ఏమిటో, ఎందుకు మారిందో, దానివల్ల పాత ప్రోగ్రాముల్లో ఎలాంటి తప్పులు వస్తాయో, వాటిని ఏ క్రమంలో సరిచేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఒక్క మాట మొదటి నుంచీ గుర్తుంచుకోండి. దోష సందేశం పోయినంత మాత్రాన ప్రోగ్రాము బాగుపడినట్టు కాదు.

పాత ప్రోగ్రాములు ఎక్కడివి?

ఢిల్లీ కేంద్రంగా ఉన్న సీబీఎస్ఈ బోర్డు పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్సులో చాలా ఏళ్లపాటు సి++ భాషను బోధింపజేసింది. ఆ సబ్జెక్టు కోడు 083. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, ఫరీదాబాద్, ఘాజియాబాద్ పాఠశాలల్లోనే కాదు, దేశంలోని సీబీఎస్ఈ పాఠశాలలన్నింటిలోనూ అదే పాఠ్యప్రణాళిక. ఢిల్లీలోని తెలుగు కుటుంబాల పిల్లలు చదివే ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలు కూడా ఈ బోర్డు కిందివే. పాఠశాల దాటి బీసీఏ, ఎంసీఏ, ఇంజనీరింగ్‌లకు వెళ్లినవారూ సి++ చదివారు. 2020 నాటి పన్నెండో తరగతి పరీక్షల వరకు సి++ ఒక ఐచ్ఛికంగా ఉండేది. ఆ తరువాత పైథాన్ ఒక్కటే మిగిలింది.

ఇన్నేళ్లలో మన ల్యాబుల్లో ఎక్కువగా కనిపించిన కంపైలరు బోర్లాండ్ సంస్థవారి టర్బో సి++. నీలి రంగు తెర, పసుపు అక్షరాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అది 1990ల ఆరంభానికి చెందినది, డాస్ మీద నడిచేది. సి++ భాషకు తొలి అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది 1998లో. అంటే, ప్రమాణం రాకముందు తయారైన కంపైలరు మీద, ప్రమాణం వచ్చిన తరువాత కూడా, మన విద్యార్థులు తరతరాలుగా అభ్యాసం చేశారు. 64 బిట్ల విండోస్ వచ్చాక టర్బో సి++ నేరుగా నడవడం మానేసింది. అప్పుడు డాస్‌బాక్స్ అనే అనుకరణ ప్రోగ్రాము సాయంతో దాన్ని నడిపారు. అందుకే పాత నియమాల ప్రకారం రాసిన ప్రోగ్రాములు మన దగ్గర ఇంత పెద్ద సంఖ్యలో ఉన్నాయి.

పరిధి అంటే ఏమిటి?

ప్రోగ్రాములో ఒక పేరును ప్రకటించినప్పుడు, ఆ పేరు ఎంతమేరకు చెల్లుతుందో ఆ మేరను దాని పరిధి అంటాం. దీన్ని ఢిల్లీ చిరునామాలతో పోల్చి చూద్దాం.

“సెక్టర్ 12” అనే పేరు ద్వారకలో ఉంది. ఆర్.కె.పురంలోనూ ఉంది. నోయిడాలోనూ, ఫరీదాబాద్‌లోనూ ఉంది. మీరు ద్వారకలో ఆటో ఎక్కి “సెక్టర్ 12కు పోనీ” అంటే డ్రైవరు ఏ ఊరి సెక్టర్ అని అడగడు, ద్వారక సెక్టర్ 12కు తీసుకువెళతాడు. అదే మాట నోయిడాలో అంటే నోయిడా సెక్టర్ 12కు తీసుకువెళతాడు. పేరు ఒకటే అయినా, మీరు నిలబడ్డ చోటును బట్టి దాని అర్థం మారుతోంది.

కంపైలరు చేసేదీ ఇదే. అది పేర్ల పట్టికలను ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ పోతుంది. ఫ్లవర్ బ్రాకెట్ తెరుచుకోగానే కొత్త పట్టిక ఒకటి పైన పెడుతుంది. ఆ బ్లాకులో ప్రకటించిన పేర్లన్నీ అందులో రాసుకుంటుంది. బ్రాకెట్ మూసుకోగానే ఆ పట్టికను తీసివేస్తుంది. మీరు ఏదైనా పేరు వాడినప్పుడు ముందుగా అన్నిటికంటే పైనున్న పట్టికలో వెతుకుతుంది. అక్కడ లేకపోతే దాని కింది పట్టికలో, అక్కడా లేకపోతే ఇంకా కిందిదానిలో వెతుకుతుంది. అడుగున ఉండేది ప్రోగ్రాము మొత్తానికీ చెందిన పట్టిక. దానిలోని చలరాశులను గ్లోబల్ చలరాశులు అంటాం. అడుగున కూడా పేరు దొరకకపోతే “ఈ పేరు ప్రకటించలేదు” అని దోష సందేశం ఇస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పై పట్టికలో ఉండవలసిన పేరు లేకపోయినా, కింది పట్టికలో అదే పేరు ఉంటే కంపైలరు దాన్నే తీసుకుంటుంది. ఫిర్యాదు చేయదు. మన పాఠంలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

ఒక జత బ్రాకెట్ల తేడా

సి++ రూపకర్త బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1979లో బెల్ ల్యాబ్స్‌లో ఈ పని మొదలుపెట్టారు. ప్రకటనలన్నీ బ్లాకు మొదట్లోనే ఉండాలని పాత సి భాష పట్టుబట్టేది. సి++ ఆ నిర్బంధాన్ని సడలించింది. చలరాశి ఎక్కడ అవసరమో అక్కడే, ఫర్ లూపు తల భాగంలో కూడా, ప్రకటించుకోవచ్చు.

అయితే అలా ప్రకటించిన చలరాశి ఎక్కడి వరకు చెల్లుతుంది? తొలి రోజుల్లో ఫర్ లూపును ఇలా అర్థం చేసుకునేవారు. ముందు ప్రారంభ వాక్యం, ఆ తరువాత ఒక వైల్ లూపు. ప్రారంభ వాక్యంలో ప్రకటన ఉంటే అది వైల్ లూపుకు బయట, చుట్టూ ఉన్న బ్లాకులో పడుతుంది. కనుక లూపు ముగిసినా ఆ చలరాశి బతికే ఉంటుంది. టర్బో సి++ పాటించింది ఈ నియమాన్నే.

1998 ప్రమాణం ఇందులో ఒక చిన్న మార్పు చేసింది. ప్రారంభ వాక్యాన్నీ వైల్ లూపునూ కలిపి చుట్టూ ఒక జత ఫ్లవర్ బ్రాకెట్లు ఉన్నట్టు భావించమంది. లూపుతోపాటే ఆ బ్రాకెట్లు మూసుకుంటాయి, వాటితోపాటే చలరాశి పరిధి ముగుస్తుంది.

ఈ మార్పు ఎందుకు? లూపును లెక్కించే చలరాశి సాధారణంగా ఆ లూపుకే అవసరం. అది బయటికి పొర్లితే, కిందనున్న మరో లూపులో అదే పేరును మళ్లీ ప్రకటించడం కుదరదు. టర్బో సి++లో రెండు లూపుల్లోనూ ‘ఐ’ని ఇంట్‌గా ప్రకటిస్తే “ఒకే పేరుకు ఒకటికంటే ఎక్కువ ప్రకటనలు” అనే దోషం వచ్చేది. అందుకే విద్యార్థులు మొదటి లూపులో మాత్రమే ఇంట్ అని రాసి, తరువాతి లూపుల్లో వదిలేయడం అలవాటు చేసుకున్నారు. ఇక పై లూపును తీసివేస్తే కింది లూపులన్నీ చెడిపోతాయి. ఒకదానికొకటి సంబంధం లేని లూపులు ఇలా పేరు ద్వారా ముడిపడకూడదనేదే కొత్త నియమం ఉద్దేశం.

సి భాషలో ఈ ఇబ్బంది లేదు. 1999 ప్రమాణం వరకు సిలో ఫర్ లూపు తల భాగంలో ప్రకటనకు చోటే లేదు. ఆ ప్రమాణం అనుమతి ఇచ్చినప్పుడు కొత్త పరిధి నియమంతోనే ఇచ్చింది. కనుక చలరాశులన్నీ పైనే ప్రకటించిన పాత సి ప్రోగ్రాములకు ఈ మార్పు తగలదు.

మూడు సందర్భాలు

పాత ప్రోగ్రాముల్లో ఈ మార్పు మూడు రకాలుగా ఎదురవుతుంది. ఉదాహరణలను మాటల్లో రాస్తున్నాను. మీరు వాటిని కోడుగా రాసుకుని కంప్యూటరు మీద పరీక్షించండి.

మొదటి సందర్భం: లూపు తరువాత మరో లూపు.

1. ఫర్ లూపు: ఇక్కడే ఇంట్ ‘ఐ’ ప్రకటన. ‘ఐ’ 0 నుంచి 39 వరకు. 40 మంది మార్కులు చదువు.
2. ఫర్ లూపు: ప్రకటన లేదు. ‘ఐ’ 0 నుంచి 39 వరకు. మార్కులు కూడు.

పాత నియమం ప్రకారం రెండో పంక్తిలోని ‘ఐ’ మొదటి పంక్తిలోనిదే. కొత్త నియమం ప్రకారం మొదటి లూపుతోనే ‘ఐ’ ముగిసింది. రెండో పంక్తి దగ్గర “‘ఐ’ ఈ పరిధిలో ప్రకటించలేదు” అని దోషం వస్తుంది. పరిష్కారం తేలిక. రెండో లూపులో కూడా ఇంట్ చేర్చండి. లూపుల మధ్య ‘ఐ’ విలువ ఎవరికీ అక్కరలేదు కాబట్టి ఫలితం మారదు.

రెండో సందర్భం: లూపు ముగిశాక ‘ఐ’ విలువ కావాలి.

ఐదుగురి మార్కులు వరుసగా 41, 67, 88, 52, 73. ఇందులో ఒక సంఖ్య ఉందో లేదో, ఉంటే ఎన్నోదో చెప్పాలి.

1. ఫర్ లూపు: ఇక్కడే ఇంట్ ‘ఐ’ ప్రకటన. ‘ఐ’ 0 నుంచి 4 వరకు. సంఖ్య దొరికితే బ్రేక్.
2. ‘ఐ’ 5 కంటే తక్కువైతే “దొరికింది” అని, స్థానంగా ‘ఐ’ + 1 ముద్రించు.
3. లేకపోతే “లేదు” అని ముద్రించు.

పాత నియమంతో 88 వెతికితే ‘ఐ’ 2 దగ్గర ఆగుతుంది, “3వ స్థానం” అని వస్తుంది. 90 వెతికితే ‘ఐ’ 5 అవుతుంది, “లేదు” అని వస్తుంది. రెండూ సరైనవే. కొత్త కంపైలరులో రెండో పంక్తి దగ్గర దోషం వస్తుంది. ఇప్పుడు తొందరపడే విద్యార్థి రెండు రకాలుగా పొరపడవచ్చు.

కొందరు లూపు ముగిశాక, రెండో పంక్తికి ముందు, కొత్తగా ఇంట్ ‘ఐ’ అని ప్రకటిస్తారు. దోషం పోతుంది. కాని ఆ ‘ఐ’కి లూపుతో ఏ సంబంధమూ లేదు. దానిలో ఏ విలువ ఉంటుందో చెప్పలేం.

మరికొందరు లూపుకు ముందు ఇంట్ ‘ఐ’ = 0 అని రాస్తారు. లూపు తల భాగంలోని పాత ఇంట్‌ను మాత్రం అలాగే ఉంచేస్తారు. ఇదీ కంపైల్ అవుతుంది. కాని ఇప్పుడు రెండు ‘ఐ’లు ఉన్నాయి. లూపు తన ‘ఐ’ని పెంచుకుంటూ పోయి, దానితోపాటే ముగుస్తుంది. బయటి ‘ఐ’ మాత్రం 0గానే మిగులుతుంది. 88 వెతికితే “1వ స్థానం” అంటుంది. 90 వెతికినా “1వ స్థానం” అంటుంది. జాబితాలో లేని విద్యార్థిని ఉన్నాడని చెప్పి, మొదటి విద్యార్థి మార్కులు చూపిస్తుంది! అది ఫీజు రాయితీ జాబితా అయితే, లేదా అడ్మిషన్ల జాబితా అయితే ఏమవుతుందో ఊహించండి. దోష సందేశం ఒక్కటి కూడా రాలేదు.

సరైన పద్ధతి ఏమిటంటే, ప్రకటనను లూపుకు ముందుకు తీసుకురావాలి, లూపు తల భాగంలో ఇంట్ తీసివేయాలి. రెండు పనులూ చేయాలి. ఒక్కటే చేస్తే చాలదు.

మూడో సందర్భం: అదే పేరుతో బయట మరో చలరాశి ఉంది.

1. గ్లోబల్ ఇంట్ ‘ఐ’ = 0. ప్రోగ్రాములో మరెక్కడో వాడుకోవడానికి.
2. ఫంక్షన్ లోపల ఫర్ లూపు: ఇంట్ ‘ఐ’ ప్రకటన. సంఖ్య దొరికితే బ్రేక్.
3. లూపు ముగిశాక ‘ఐ’ + 1 ముద్రించు.

పాత నియమం ప్రకారం మూడో పంక్తిలోని ‘ఐ’ లూపుది. కొత్త నియమం ప్రకారం గ్లోబల్‌ది. పాత కంపైలరుకూ, కొత్త కంపైలరుకూ కూడా ఇది తప్పులేని ప్రోగ్రామే. మనం ఒక్క అక్షరం మార్చలేదు, కంపైలరు ఒక్క మాట అనలేదు. అయినా జవాబు మారిపోయింది. ద్వారక సరిహద్దు జరిగిన సంగతి తెలియకుండా “సెక్టర్ 12” అన్నారు, ఆటో నిశ్శబ్దంగా మరో ఊరి సెక్టర్ 12కు వెళ్లింది.

మొదటి రెండు సందర్భాల్లో దోష సందేశం వస్తే విసుక్కుంటాం. నిజానికి ఆ సందేశం మనకు మేలు చేస్తోంది. “ఇక్కడ పేరు అర్థం మారింది, చూసుకో” అని చెబుతోంది. మూడో సందర్భంలో అలా చెప్పేవారు లేరు.

కంపైలర్లు మారిన తీరు

ప్రమాణం వచ్చిన మరునాడే కంపైలర్లన్నీ మారిపోలేదు. కోట్ల పంక్తుల పాత కోడు ఒక్కసారిగా చెడిపోకూడదని తయారీదారులు నెమ్మదిగా నడిచారు.

మైక్రోసాఫ్ట్ విజువల్ సి++ 6.0 వచ్చింది 1998లోనే. అయినా అది మామూలుగా పాత నియమాన్నే పాటించింది. 2002లో వచ్చిన విజువల్ సి++ డాట్‌నెట్‌లో కొత్త నియమాన్ని ఎంచుకునే సదుపాయం కల్పించారు. 2005 నాటి వెర్షన్ నుంచి మనం అడగకుండానే కొత్త నియమం అమలవుతోంది. ప్రమాణానికీ అమలుకూ మధ్య ఏడేళ్లు పట్టింది.

ఆ సంధికాలంలో ప్రోగ్రామర్లు ఒక చిత్రమైన ఉపాయం పన్నారు. ‘ఫర్’ అనే పదాన్నే ఒక మాక్రోగా నిర్వచించి, దాని స్థానంలో “ఇఫ్ సున్నా, ఎల్స్ ఫర్” వచ్చేలా చేశారు. ఇఫ్ షరతు ఎప్పుడూ అసత్యమే కనుక ఫర్ లూపు ఎప్పుడూ జరుగుతుంది. ఎల్స్ భాగానికి సొంత పరిధి ఉంటుంది కనుక చలరాశి బయటికి పొర్లదు. లేని బ్రాకెట్లను దొంగదారిలో తెచ్చుకున్నట్టన్నమాట. పాత విండోస్ ప్రోగ్రాముల్లో ఇలాంటి పంక్తి కనిపిస్తే కంగారుపడకండి. ఇప్పుడు దాని అవసరం లేదు, తీసివేయవచ్చు.

జి++ కంపైలరు మరో దారి తొక్కింది. మూడో సందర్భం వంటిది ఎదురైతే, పాత నియమం ప్రకారం ఈ పేరు ఏ చలరాశిదో, కొత్త నియమం ప్రకారం ఏ చలరాశిదో రెండూ చూపి హెచ్చరించేది. నేటి కంపైలర్లు పాత నియమాన్ని మరిచిపోయినట్టే. కనుక ఆ బాధ్యత ఇప్పుడు మనదే.

పరిధికి సంబంధించిన మరో మార్పు కూడా అదే 1998 ప్రమాణంతో వచ్చింది. ప్రామాణిక లైబ్రరీ పేర్లన్నీ ‘ఎస్‌టీడీ’ అనే నేమ్‌స్పేస్‌లోకి వెళ్లాయి. చాలామంది “యూజింగ్ నేమ్‌స్పేస్ ఎస్‌టీడీ” అని ఒక పంక్తి చేర్చి సరిపెట్టుకుంటారు. దానితో లైబ్రరీలోని పేర్లన్నీ మన గ్లోబల్ పేర్ల పక్కకు వచ్చి కూర్చుంటాయి. మన పాత ప్రోగ్రాములో ‘కౌంట్’ అనే గ్లోబల్ చలరాశి ఉంటే, లైబ్రరీలోని ‘కౌంట్’ ఫంక్షన్‌తో కలిసి “ఏ కౌంట్?” అనే సందిగ్ధం తలెత్తవచ్చు. మన చలరాశి పేరు మార్చడం, లేదా లైబ్రరీ పేర్ల ముందు మాత్రమే ఎస్‌టీడీ అని రాసుకోవడం దీనికి పరిష్కారం.

సరిచేసే క్రమం

పాత ప్రోగ్రామును కొత్త కంపైలరుకు మార్చేటప్పుడు ఈ వరుస పాటించండి.

ఒకటి: ముట్టుకోకముందే పాత ఫలితాలు భద్రపరచండి. డాస్‌బాక్స్‌లో టర్బో సి++ మీద ప్రోగ్రామును నడిపి, కొన్ని దత్తాంశాలకు వచ్చే జవాబులు రాసి పెట్టుకోండి. వెతికే సంఖ్య మొదట ఉన్నప్పుడు, మధ్యలో ఉన్నప్పుడు, చివర ఉన్నప్పుడు, అసలు లేనప్పుడు ఏమవుతుందో చూడండి. “లేదు” అని రావలసిన సందర్భం తప్పనిసరి. తప్పులు బయటపడేది ఎక్కువగా అక్కడే.

రెండు: పరిధితో సంబంధం లేని మార్పులు ముందుగా ముగించండి. ఐఓస్ట్రీమ్ పేరు చివర డాట్ హెచ్ తీసివేయడం, వాయిడ్ మెయిన్‌ను ఇంట్ మెయిన్ చేయడం, తెర తుడిచే క్లియర్ స్క్రీన్ వంటి డాస్ ఆదేశాలను తొలగించడం ఇందులోకి వస్తాయి.

మూడు: కంపైల్ చేసి, వచ్చిన మొదటి దోషాన్ని మాత్రమే చూడండి. ఒక ప్రకటన లోపం కింద పది సందేశాలు పుట్టవచ్చు. మొదటిది సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి.

నాలుగు: “ప్రకటించలేదు” అన్న ప్రతిచోటా ఆగి, ఒక ప్రశ్న వేసుకోండి. ఈ ప్రోగ్రాము రాసిన వ్యక్తి ఇక్కడ ఏ ‘ఐ’ని ఉద్దేశించాడు? లూపు తరువాత విలువ అక్కరలేకపోతే మొదటి సందర్భం, కావాలంటే రెండో సందర్భం.

ఐదు: దోషాలు లేని చోట కూడా వెతకండి. జి++లో ‘షాడో’ హెచ్చరికను అడిగి తీసుకోవాలి. అది మామూలు హెచ్చరికల జాబితాలో ఉండదు. లోపలి పేరు బయటి పేరును కప్పేస్తున్న ప్రతిచోటా అది వేలెత్తి చూపుతుంది. మూడో సందర్భమూ, రెండో సందర్భంలోని సగం దిద్దుబాటూ రెండూ దీనికి చిక్కుతాయి. ‘వాల్’ అనే మామూలు హెచ్చరికల జాబితాను కూడా వాడండి. విలువ ఇవ్వకుండా చలరాశిని వాడితే సాధారణంగా అది హెచ్చరిస్తుంది.

ఆరు: కొత్త ఫలితాలను పాత ఫలితాలతో పోల్చండి. తేడా వస్తే వెంటనే కొత్తదే తప్పని తేల్చకండి. టర్బో సి++లో ఇంట్‌కు 16 బిట్లే. 32,767 దాటిన మొత్తాలు అక్కడ తప్పుగా వచ్చేవి. నేటి కంపైలర్లలో ఇంట్ సాధారణంగా 32 బిట్లు కనుక అదే మొత్తం ఇప్పుడు సరిగా రావచ్చు. ప్రతి తేడాకూ కారణం తెలిసిన తరువాతే పని పూర్తయినట్టు.

పైథాన్ నేర్చుకుంటున్నవారికి

“మేం పైథాన్ చదువుతున్నాం, మాకు ఇదంతా ఎందుకు?” అని మీలో కొందరు అనుకోవచ్చు. పైథాన్ నియమం పాత టర్బో సి++ నియమాన్ని పోలి ఉంటుంది! అక్కడ ఫర్ లూపుకు సొంత పరిధి లేదు. లూపు ముగిసినా ‘ఐ’ మిగిలే ఉంటుంది.

అలాగని రెండో సందర్భంలోని ప్రోగ్రామును యథాతథంగా పైథాన్‌లోకి మార్చితే మళ్లీ మోసపోతాం. సి++లో లూపు పూర్తిగా తిరిగితే ‘ఐ’ 5 అవుతుంది. పైథాన్‌లో రేంజ్ 5 మీద లూపు పూర్తిగా తిరిగినా ‘ఐ’ 4 దగ్గరే ఆగుతుంది. “‘ఐ’ 5 కంటే తక్కువా?” అనే ప్రశ్నకు జవాబు ఎప్పుడూ అవుననే వస్తుంది. 90 వెతికితే “5వ స్థానంలో దొరికింది” అంటుంది. జాబితా ఖాళీగా ఉండి, రేంజ్ పొడవు సున్నా అయితే లూపు ఒక్కసారి కూడా తిరగదు. ‘ఐ’ అనే పేరే పుట్టదు, ప్రోగ్రాము దోషంతో ఆగిపోతుంది.

పరిధి నియమాలు ఒక్కసారి మారి ఊరుకునేవి కావు. పైథాన్ 2లో లిస్ట్ కాంప్రహెన్షన్ లోపలి చలరాశి బయటికి పొర్లేది. 2008లో వచ్చిన పైథాన్ 3 దాన్ని ఆపింది. గో భాష 2024 ఫిబ్రవరిలో వచ్చిన 1.22 వెర్షన్‌లో, ఫర్ లూపులో ప్రకటించిన చలరాశి ప్రతి ఆవృత్తికీ కొత్తగా పుట్టేలా నియమం మార్చింది. అయితే గో రూపకర్తలు ఒక జాగ్రత్త తీసుకున్నారు. ప్రతి ప్రోగ్రాము తాను ఏ వెర్షన్ కోసం రాసినదో చెబుతుంది. పాత వెర్షన్ పేరు చెప్పినవాటికి పాత నియమమే వర్తిస్తుంది. దీనివల్ల పాత ప్రోగ్రాముల జవాబులు నిశ్శబ్దంగా మారిపోవు. 1998లో సి++కు అలాంటి ఏర్పాటు లేదు.

అన్ని నియమాలకూ నిలిచే పద్ధతి

వెతికే ప్రోగ్రామును ఇలా రాస్తే ఏమవుతుందో చూడండి.

1. ఇంట్ ‘స్థానం’ = మైనస్ 1.
2. ఫర్ లూపు: ఇంట్ ‘ఐ’, 0 నుంచి 4 వరకు. సంఖ్య దొరికితే ‘స్థానం’ = ‘ఐ’, ఆపై బ్రేక్.
3. ‘స్థానం’ ఇంకా మైనస్ 1 అయితే “లేదు”. లేకపోతే ‘స్థానం’ + 1 ముద్రించు.

ఇక్కడ ‘ఐ’ పని లూపు తిప్పడం మాత్రమే. జవాబును మోసేది ‘స్థానం’. అది ఎక్కడ కావాలో అక్కడే, లూపుకు బయట, ప్రకటించాం. ఇది టర్బో సి++లో పనిచేస్తుంది. 1998 ప్రమాణం కిందా పనిచేస్తుంది. పైథాన్‌లోకి మార్చినా, జాబితా ఖాళీగా ఉన్నా సరైన జవాబే ఇస్తుంది. ఎందుకంటే లూపు తరువాత ‘ఐ’ ఏమవుతుందన్న ప్రశ్న మీద ఇది ఆధారపడలేదు. అంతేకాదు, ఇరవై ఏళ్ల తరువాత దీన్ని చదివేవారికి మన ఉద్దేశం పేరులోనే తెలుస్తుంది. “ఇక్కడ ఏ ‘ఐ’?” అని వారు తల పట్టుకోనక్కరలేదు.

గుర్తుంచుకోవలసిన అంశాలు

- పాత సి++లో ఫర్ లూపు చలరాశి చుట్టూ ఉన్న బ్లాకుకు చెందుతుంది. 1998 ప్రమాణం ప్రకారం లూపుకు మాత్రమే చెందుతుంది.
- కంపైలరు లోపలి పరిధి నుంచి బయటికి వెతుకుతుంది. బయట అదే పేరు ఉంటే ఫిర్యాదు లేకుండా దాన్నే తీసుకుంటుంది.
- లూపు తరువాత విలువ కావాలంటే ప్రకటనను లూపుకు ముందు ఉంచాలి, లూపు తల భాగంలోని ప్రకటనను తీసివేయాలి.
- ప్రోగ్రాము కంపైల్ కావడం మొదటి మెట్టు మాత్రమే. పాత జవాబులతో పోల్చిన తరువాతే దాన్ని నమ్మాలి.

మీరే చేసి చూడండి

1. గ్లోబల్ ‘ఐ’ విలువ 7. ఫంక్షన్‌లో ఇంట్ ‘ఐ’ ప్రకటనతో ఫర్ లూపు 0 నుంచి 2 వరకు, బ్రేక్ లేకుండా తిరిగింది. లూపు తరువాత ‘ఐ’ని ముద్రిస్తే పాత నియమంతో ఎంత? కొత్త నియమంతో ఎంత?
2. రెండో సందర్భంలోని ప్రోగ్రామును సగం దిద్దుబాటుతో రాసి, ‘షాడో’ హెచ్చరికతోనూ, అది లేకుండానూ కంపైల్ చేయండి. తేడా గమనించండి.
3. “ఇఫ్ సున్నా, ఎల్స్ ఫర్” మాక్రో పాత కంపైలరులో ఎందుకు పనిచేసిందో పేర్ల పట్టికల బొమ్మ గీసి వివరించండి.
4. మీ ఇంట్లో గాని, కాలేజీలో గాని దొరికిన ఒక పాత సి++ ప్రోగ్రామును ఈ పాఠంలో చెప్పిన ఆరు మెట్ల ప్రకారం సరిచేయండి. ఎక్కడెక్కడ ఏ సందర్భం ఎదురైందో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో పక్కన రాసి ఉంచండి.

మొదటి ప్రశ్నకు జవాబు: పాత నియమంతో 3, కొత్త నియమంతో 7.